పద్నాలుగు పేటలు

నాలుగింటికి జీపు వస్తుంది, మూడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది, ఈలోగా పద్నాలుగు పేటలు కట్టాలి, అంతేగా, నరసాపురంలో ఏడేళ్ళ వయసు నుంచి లేసు అల్లిన చేతులకి పద్నాలుగు పేటల గవ్వలు ఒక లెక్కా అనుకుంటూ ఝాన్సీలక్ష్మి ఆ పరదాని మంచం మీద పరిచింది, పరిచిన చేతులతోనే గబుక్కున సగానికి మడిచేసింది. చూడనక్కర్లేదు. కింది అంచు ఒక్కటి బయటికుంటే చాలు. అంచుకి గవ్వల పేటలు కట్టమన్నారు, కడుతుంది, పైన ఏం కుట్టి ఉందో తనకెందుకు. అయినా మడత సరిగ్గా పడలేదు, ఒక పక్కగా జానెడు మేర బూడిదరంగులో ఆకుపచ్చ కలిసిన దారాలు కనిపిస్తూనే ఉన్నాయి, మడ అడవిలో పాయ నీళ్ళు పోటు తగ్గినప్పుడు ఉండే రంగు, ఆ రంగు దారం బజారులో ఎక్కడా దొరకదు, ఆ పిల్ల చెట్టు బెరడేదో ఉడకబెట్టి వేసుకుంది, అడిగితే చెప్పేదే, తను అడగలేదు.

దేవప్రసాద్ వచ్చి పావుగంట కూడా కాలేదు. ఆ పిల్ల మొగుడు, మెరైన్ శాఖలో లాంచీ మెకానిక్కు అతను, ఎప్పుడూ డీజిలు వాసనతో నవ్వుతూ ఉండే మనిషి, ఇవాళ చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుని, దుప్పటిలో చుట్టిన మూటని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "దీదీ, లీదియాకి సుబే నుంచి నొప్పులు. ఆస్పత్రిలో పెట్టాను. ఏడుస్తా ఉంది దీదీ, నొప్పులకి కాదు, దీనికోసం. నాలుగింటికి గెస్ట్‌హౌసు జీపొచ్చేస్తది, పద్నాలుగు పేటలుండిపోయినాయి. దీదీకిచ్చెయ్యి, ఆవిడ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి దానిమీద పడనీకు అన్నాది" అన్నాడు ఒక్క ఊపిరిలో. పురిటి నొప్పుల్లో ఉన్న ఆడదాని మాట కాదనడం ఎవరి తరం. "ఇటివ్వు, నువ్వు ఆస్పత్రికి పో" అంది ఝాన్సీలక్ష్మి, అనేశాక ఆ పిల్ల అన్న మాట మళ్ళీ తలుచుకుంది. ఆవిడ చెయ్యి తప్ప. ఎంత నేర్పుగా అంది. పొగిడినట్టే పొగిడి, చివరికి అంచుకి గవ్వలు కట్టే పనిలో పెట్టింది తనని.

ఆ గెస్ట్‌హౌసులో గుమ్మాల పరదాలూ, బల్లమీద గుడ్డలూ, దిండు గలీబులూ పద్దెనిమిదేళ్ళుగా ఎవరివి? తనవి. మద్రాసు నుంచి ఏ పెద్దమనిషి ఓడ దిగినా తల ఆనించింది తను కుట్టిన చేపలమీద, కాఫీ ఒలకబోసింది తను కుట్టిన లంగరుమీద. మహిళా కేంద్రంలో కుట్టు టీచరంటే హాడోలో తనే, పోర్ట్ బ్లెయిర్ మొత్తంలో తనే. మొన్న ఆగస్టులో కొత్తగా వచ్చిన పెద్ద ఆఫీసరు భార్య, మేమ్‌సాబ్, అందరి నమూనాలూ వరసగా పెట్టించి, తన పరదా కొసని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని "బహుత్ అచ్ఛా హై ఝాన్సీజీ, లేకిన్..." అంది. ఆ లేకిన్, ఆ కానీ దగ్గర ఆగింది. గదిలో ఉన్న పాతికమంది ఆడవాళ్ళూ ఆ లేకిన్ దగ్గరే ఆగి తన మొహం వంక చూశారు. తర్వాత మేమ్‌సాబ్ ఏదో యహాఁ కా, ఏదో ఇక్కడిది కావాలి నాకు అంటూ నాలుగడుగులు వేసి, లీదియా గుడ్డ దగ్గర నిలబడి, ఇక కదల్లేదు, కొత్త పరదా పని ఆ పిల్లకే ఇచ్చింది. ఇక్కడిది. ఇరవైయొక్కేళ్ళయింది తను వచ్చి. ఇక్కడి వాన తన వీపుమీద పడింది, ఇక్కడి నీళ్ళకి తన జుట్టు ఊడింది, ఇక్కడే కూతుర్ని కంది, రేషన్ కార్డు ఇక్కడిది, తను కుట్టింది మాత్రం ఇక్కడిది కాదుట.

సూది తియ్యాలి. బిస్కెట్ల డబ్బాలో గవ్వలన్నీ బెజ్జాలు పెట్టి, కడిగి, ఆరబెట్టి, పరిమాణం ప్రకారం చిన్న చిన్న గుడ్డ మూటల్లో కట్టి ఉంచింది లీదియా, ఒక్కో పేటకి ఐదు గవ్వలు, అడుగున ఒక తెల్లని పగడపు రాయి ముక్క, పక్కనే గాలానికి వాడే నైలాను దారం ఉండ. ఎంత పొందిక. పదహారేళ్ళప్పుడు ఇంత పొందిక ఎక్కడేడ్చింది ఈ పిల్లకి. రంగత్‌లో అడవిశాఖలో పనిచేసే తండ్రి పోయాక, హాడోలో మేనమామ ఇంటికొచ్చి, జడ కూడా సరిగా అల్లుకోకుండా కేంద్రానికి వచ్చేది. తెలుగు చదవడం రాదు, చర్చిలో కీర్తనలన్నీ నోటికి పాడేది, పుస్తకం మాత్రం తలకిందులుగా పట్టుకునేది. సమానంగా కుట్టవే, ప్రతి కుట్టూ బియ్యపు గింజంత ఉండాలి అని తను చెప్తే, ఒకటి గింజంత, ఒకటి వేలంత, ఒకటి చీమంత వేసి తెచ్చి చూపించేది. విప్పించేది తను. మళ్ళీ అలాగే తెచ్చేది. ఒకరోజు మద్రాసు నుంచి తెప్పించిన నమూనాల పుస్తకంలోని, రెండు తెరచాపల పడవ మీద ఎగిరే తెల్లటి పక్షుల్ని నల్లబల్లమీద గీసి అందర్నీ కుట్టమంటే, వెనక వరసలోంచి లేచి "టీచరమ్మా, ఈ పక్షి ఇక్కడ ఉండదు కదా, నేనెప్పుడూ చూడలేదు" అంది. అందరూ నవ్వారు. ఆ పిల్ల పొగరుగా అనలేదు, అది తనకి అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. అయినా స్కేలుతో వేళ్ళమీద కొట్టింది. ఆ వారమంతా ఆ పక్షినే కుట్టించింది, ఆరు పక్షులు, ఏడు పక్షులు. కుట్టింది పిల్ల, మారు మాట్లాడకుండా. పక్షులన్నీ చచ్చినట్టుండేవి.

నిజమే, ఆ పక్షిని తనూ చూడలేదు. చూడాలంటే సముద్రం వంక తల తిప్పాలి కదా. యాభైరెండులో, పెళ్ళయిన మూడో నెలలో, వెంకటాచలానికి ఇక్కడ రేవు గోదాములో ఉద్యోగమంటే, మద్రాసులో ఓడెక్కి, నాలుగు రోజులు కడుపులో పేగులు బయటికొచ్చేలా వాంతులు చేసుకుని, అయిదో రోజు ఎవరో చెయ్యి పట్టి దింపితే దిగింది. ఆ రోజే సముద్రానికి వీపు తిప్పింది. క్వార్టరు వెనక కిటికీ తెరిస్తే రేవు, నీళ్ళు, అవతల దీవి, అంతా బొమ్మలా కనిపిస్తుందని మొగుడు మురిసిపోతే, మర్నాడే దానికి తామరపూలు కుట్టిన గుడ్డ అడ్డం కట్టింది. ఆ తర్వాత కేంద్రంవాళ్ళు వచ్చేపోయేవాళ్ళకి సముద్రం బొమ్మలు కావాలన్నప్పుడు, పుస్తకం చూసి కుట్టింది. నీలం దారం సముద్రం. పసుపు దారం ఇసుక. ఎవరూ ఏమీ అనలేదు పద్దెనిమిదేళ్ళు. అనడానికి ఆ లేకిన్ పుట్టలేదు అప్పటికి.

మేమ్‌సాబ్ అన్నందుకు కాదు అసలు. మేమ్‌సాబులు వస్తారు, మూడేళ్ళుంటారు, పోతారు. అసలు సంగతి ఆ ఆదివారానిది. సగం పూర్తయిన పరదాని చూపించడానికి లీదియా ఇంటికి తెచ్చింది, ఎనిమిదో నెల కడుపుతో, మెట్లెక్కి ఆయాసపడుతూ, "దీదీ, ఇక్కడ రంగు సరిపోయిందా చెప్పండి" అంటూ. పెళ్ళి కాకముందు టీచరమ్మా అనేది, పెళ్ళయ్యాక దీదీ అంటోంది, ఒక్క మెట్టెక్కి పక్కన నిలబడినట్టు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని విప్పారు. వెంకటాచలం కుర్చీలో కూచుని పేపరు చదువుతున్నాడు, నాలుగు రోజుల నాటి పేపరు. తలెత్తాడు. పేపరు కింద పెట్టాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని లేచి వచ్చి ఆ గుడ్డకి మూరెడు దూరంలో నిలబడ్డాడు. చేప లేదు, పడవ లేదు, కొబ్బరిచెట్టు లేదు, ఒఠ్ఠి నీళ్ళు, పొడుగూ పొట్టీ దారాలు ఒకదానిలోకి ఒకటి జారిపోతూ. ఎంతసేపు నిలబడ్డాడో. "ఇది ఓడ కదిలెళ్ళిపోయాక జెట్టీ పక్కన మిగిలే నీళ్ళు కదమ్మా" అన్నాడు. "ఔను సార్. ఆ నూనె తేలతది కదా పైన, ఊదారంగు, అది" అంది లీదియా, మొహమంతా వెలిగిపోతూ. "రోజూ చూస్తాను దీన్ని. ఇరవైయేళ్ళుగా చూస్తున్నాను" అన్నాడాయన, ఎవరితోనో కాదు, ఆ గుడ్డతో. ఆ పిల్ల వెళ్ళిపోయాక, అన్నం వడ్డిస్తూ, గొంతు మామూలుగా పెట్టుకుని అడిగింది తను, నేను కుట్టినవి ఏనాడన్నా అలా చూశారా అని. ఆయన చారు కలుపుకుంటూ, "నీవి రోజూ ఇంట్లోనే ఉంటాయి కదా, ప్రత్యేకంగా చూడ్డానికేముంది" అన్నాడు. అందులో ఏ కల్మషమూ లేదు. కల్మషముంటే బాగుండేది, పోట్లాడుకునేవాళ్ళు.

ఆ తర్వాత భారతి ఉత్తరం. కన్నకూతురు, రంగత్ బళ్ళో టీచరు, తెలుగు రాయలేక హిందీలో రాస్తుంది, కొత్తింటికి పరదాలు కావాలమ్మా, లీదియా దీదీ చేసేలాంటివి, నువ్వు అడిగితే కాదనదు అని. ఆ ఉత్తరం ఇప్పటికీ బియ్యం డబ్బా వెనక ఉంది. జవాబు రాయలేదు.

మూడు కొట్టారు రేవులో. నైలాను దారం ఉండ చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టింది. లేచి తన కుట్టుపెట్టె తెచ్చుకుంది. అందులో అట్టడుగున ఒక తెల్ల నూలు రీలుంది, ఎన్ని వానాకాలాల నాటిదో, ఉప్పుగాలికి చివికిపోయి, చూడ్డానికి మాత్రం కొత్తదానిలా తెల్లగా ఉంటుంది. పారెయ్యాలనుకుంటూనే ఉంచింది. కొస పట్టుకుని లాగింది. పుటుక్కున తెగింది, చప్పుడు కూడా లేకుండా. రెండు పోగులుగా కలిపి లాగింది. ఒక్క క్షణం ఆగి తెగింది. మూడు పోగులు కలిపితే గవ్వల బరువు మోస్తుంది. మోస్తుంది, ఎవరూ లాగనంతవరకు.

మొదటి పేట కట్టింది. గవ్వ, ముడి, గవ్వ, ముడి. ఎంత ప్రశాంతంగా ఉందో లోపల, నెల్లాళ్ళ తర్వాత ఇంత ప్రశాంతంగా ఉండటం. రెండు. మూడు. రేపు గెస్ట్‌హౌసుకి ఢిల్లీ నుంచి పెద్దలు వస్తారుట, ఈ పరదా వేసిన గదిలో కూచుంటారు. ఉదయం ఎవరో పరదా పక్కకి లాగుతారు. నాలుగు. కొత్త గచ్చునేల కదా, గవ్వలు పడితే ఎంత చప్పుడవుతుందో, టపటపటప, పడి దొర్లుకుంటూ బల్లకిందికీ కుర్చీలకిందికీ, మేమ్‌సాబ్ మొహం ఎర్రబడి, అరె యే క్యా హై అంటూ. అయిదు, ఆరు. అప్పుడెవరంటారు ఇక్కడిది అని. అప్పుడు గుర్తుకొస్తుంది, ఝాన్సీజీ కుట్టినది పద్దెనిమిదేళ్ళుగా ఒక్క పోగు కూడా జారలేదు అని. తొమ్మిది, పది. లీదియా పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంది. ఏడవనీ. తను ఏడవలేదూ, వంటింట్లో, గిన్నెల చప్పుడు చేసుకుంటూ. పద్నాలుగు. చివరి ముడి వేసి కొస కత్తిరించింది. పరదా అంచు అంతా పళ్ళవరసలా నిండింది, ఏది ఎవరు కట్టారో దేవుడికి కూడా తెలియదు.

మూడూ నలభై. ఇంకా ఇరవై నిమిషాలు. పరదాని మడిచి మూట కట్టెయ్యవచ్చు. కట్టబోయి ఆగింది. తిరగేసి చూద్దామనిపించింది. ముందువైపు అంత విచ్చలవిడిగా కుట్టే మనిషి వెనకవైపు ఎలా ఉంటుందో తనకి తెలుసు, ముడులూ, చిక్కులూ, ఒక రంగునుంచి ఇంకో రంగుకి లాగిన అడ్డదిడ్డపు దారాలూ. ఆ చిక్కుల్ని ఒక్కసారి కళ్ళారా చూసుకుంటే ఈ నెల్లాళ్ళ మంటా చల్లారుతుంది. పరదాని విప్పి, బోర్లా తిప్పి, కిటికీ దగ్గరికి లాక్కుంది. వెలుతురు చాలక, ఆ తామరపూల గుడ్డని పక్కకి తోసింది.

ఒక్క ముడి లేదు. చివరి నుంచి చివరికి వేలితో తడుముతూ పోయింది, ఒక్కటి తగల్లేదు. ప్రతి దారపు కొసా మూడు కుట్ల కిందినుంచి దూర్చి, వెనక్కి ఒక కుట్టు మలిచి, మళ్ళీ దూర్చి కత్తిరించి ఉంది. తను నేర్పినట్టు. మొదటి నెలలో, స్కేలు పట్టుకుని వరసల మధ్య తిరుగుతూ, ముందువైపు లోకానికి, వెనకవైపు మీకు, వెనక ముడి కనిపించిందా నా దగ్గరికి రాకండి అని అరిచి నేర్పినట్టు. నరసాపురంలో తన మేనత్త తనకి నేర్పినట్టు. ఎనిమిదేళ్ళయింది తను అలా కుట్టి. ఎవరు చూస్తార్లే అని ముడులు వెయ్యడం మొదలుపెట్టి, ఆ ముడులు కనిపించకుండా వెనక ఇంకో గుడ్డ వేసి కుట్టెయ్యడం అలవాటైపోయింది. పద్దెనిమిదేళ్ళు ఒక్క పోగు జారలేదుట. పైన గుడ్డ వేసి మూసేస్తే ఎందుకు జారుతుంది. ఈ పిల్ల మాత్రం చూపించుకోవాలన్న ఆశ కూడా లేకుండా, ఇంత కడుపుతో వంగి, మూరలకి మూరలు, ప్రతి కొసా దూర్చుకుంటూ పోయింది. తన చేతి పని తనకే కనిపిస్తోంది, తన చెయ్యి వదిలేసిన పని. ముద్దుపెట్టుకోవాలనిపించలేదు. పళ్ళు నూరాలనిపించింది. నాది ఇది, నేను నేర్పింది, దొంగముండ ఎలా దాచుకుందో చూడు అనిపించింది.

అప్పుడు అంచు వంక చూసింది. వెనకనుంచి చూస్తే తేడా తెలుస్తోంది. లీదియా కట్టిన ముప్ఫై పేటలకీ నైలాను దారం అంచులోపల దూరి మాయమైంది. చివరి పద్నాలుగూ తెల్లగా, బోడిగా, పైపైన. రేపు పడేది అన్ని గవ్వలూ కావు. పద్నాలుగే. ముప్ఫై నిలబడతాయి. ముప్ఫై పేటలు నిలబడి, పద్నాలుగు ఊడి, పళ్ళూడిన నోరులా ఆ పరదా వేలాడుతుంటే, లీదియా ఆస్పత్రి నుంచి వచ్చి దాని ముందు నిలబడి, ఏవి నిలిచాయో ఏవి ఊడాయో ఒక్క చూపులో లెక్కపెట్టుకుంటుంది. నాది నిల్చింది, దీదీది పడిపోయింది అనుకుంటుంది. అయ్యో దీదీ చేతులు సడలిపోయాయి అని జాలి కూడా పడుతుంది.

వీధిలో జీపు ఆగింది. హారను రెండుసార్లు మోగింది. కత్తెర ఎప్పుడు అందుకుందో తెలియదు, కరకరకర పద్నాలుగు పేటలూ కత్తిరించేసింది, గవ్వలు మంచం మీదా నేలమీదా చెల్లాచెదరుగా పడ్డాయి, ఒకటి దొర్లుకుంటూ పోయి గుమ్మంలో ఉన్న డ్రైవరు అసిరయ్య చెప్పుకి తగిలింది.

"ఏటిది టీచరమ్మా! టైమైపోనాది, మేమ్‌సాబ్ కేకలేస్తాది" అన్నాడు అసిరయ్య.

"కేకలెయ్యనీ. అరగంట ఆగు. ఆ గవ్వలు ఏరి ఇటివ్వు."

"అరగంటే! నా నౌకరీ..."

"అసిరయ్యా, ఏరతావా లేదా?"

అతను గొణుక్కుంటూ మోకాళ్ళమీద కూచుని మంచం కిందికి చెయ్యి పెట్టాడు. నైలాను దారం వేళ్ళని కోస్తోంది, ముడి జారిపోతోంది, నూలులా చెప్పినమాట వినదు, తడిచేసి లాగి బిగించాలి. అంచు లోపలికి దూర్చి, మూడు కుట్ల కింద నుంచి, వెనక్కి మలిచి, మళ్ళీ దూర్చి. ఎనిమిదేళ్ళ తర్వాత వేళ్ళకి దారి గుర్తుంది. ఒక్కో పేట కట్టగానే గుప్పిట పట్టి గట్టిగా లాగింది. పక్కనున్న లీదియా పేటనీ లాగి చూసింది. తనది ఒక వెంట్రుకవాసి బిగువుగా ఉంది. ఆ వెంట్రుకవాసి కోసం ప్రతి ముడినీ మళ్ళీ ఒకసారి బిగించింది. చూపుడువేలు తెగి రక్తం వస్తే నోట్లో పెట్టుకుని, రెండోచేత్తో పరదాని దూరంగా జరిపి, మరక పడలేదని చూసుకుని, మళ్ళీ మొదలుపెట్టింది.

పద్నాలుగోది అయ్యేసరికి నాలుగున్నర దాటింది. పరదాని ఇద్దరూ కలిసి మడుస్తుంటే అసిరయ్య ఆ నీళ్ళ వంక చూసి తల ఊపాడు. "మీ సెయ్యేనమ్మా. ఆ మాత్రం తెలవదా, పదేళ్ళ కాడ్నించి మోస్తన్నాను మీ పరదాలు."

జీపు హాడో నుంచి గెస్ట్‌హౌసుకి వెళ్ళేలోపల, ఆ మాట డ్రైవరు నోటినుంచి వంటమనిషికి, వంటమనిషి నుంచి మేమ్‌సాబ్‌కి వెళ్ళిపోతుంది. తను నోరు తెరవనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. మూటకి ముడి వేసి అతని చేతుల్లో పెట్టింది.

"నాది కాదు. దేవప్రసాద్ లేడూ, లాంచీ మెకానిక్కు, అతని పెళ్ళాం లీదియాది. మేమ్‌సాబ్‌కి అలాగే చెప్పు" అంది. అతను జీపు దాకా వెళ్ళాక వెనకనుంచి కేకేసింది. "కుడివైపు చివరి పద్నాలుగు పేటలు మాత్రం నావి. అది కూడా చెప్పు."

ఆరవుతుంటే దేవప్రసాద్ సైకిలు మీద వచ్చాడు. దిగకుండానే, ఒక కాలు నేలమీద ఆనించి, "ఆడపిల్ల దీదీ! ఇద్దరూ ఠీక్ హై" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు. "పిల్లని చేతికివ్వగానే ఏటడిగినాదో తెలుసా? పరదా వెళ్ళిందా అని."

"వెళ్ళిందని చెప్పు. తల్లీపిల్లా చల్లగా ఉండాలి."

"అచ్ఛా దీదీ. రేపు మీరొచ్చి చూడాలి" అంటూ అతను సైకిలు తిప్పుకున్నాడు.

"దేవప్రసాద్." ఆగాడు. "పేటలు రెండుసార్లు కట్టానని చెప్పు."

"రెండుసార్లా? ఎందుకు దీదీ?"

"మొదటిసారి చివికిన దారంతో కట్టాను."

"అయ్యో, మీకు డబుల్ కష్టమైపోయింది" అన్నాడు దేవప్రసాద్ మనస్ఫూర్తిగా. అతనికి అందులో ఇంకేమీ కనపడలేదు. లీదియాకి కనపడుతుంది. దారం లాగి చూడకుండా సూదిలోకి ఎక్కించే మనిషి కాదు తన టీచరమ్మ అని ఆమెకి తెలుసు. సైకిలు వాలులో మెల్లగా దిగుతోంది. మలుపు దాకా, ఆ మాట చెప్పొద్దని పిలిస్తే వినపడేంత దూరంలోనే ఉన్నాడతను. గుమ్మం పట్టుకుని నిలబడి చూస్తూ ఉంది ఝాన్సీలక్ష్మి. పిలవలేదు.